అక్క నొక్కింది మస్కటే

మా ఆఫీసులో ఒక నర్సు ఉండేది. ఆమె ఎప్పుడూ సెలవు పెట్టలేదు, జబ్బు పడలేదు, ఊరికి వెళ్లలేదు. పుట్టినరోజు జనవరి ఒకటి. భర్త, పిల్లలు అన్న చోట ఖాళీ. డ్యూటీ మస్కట్ బ్రాంచిలో. ఆమె నిజం మనిషి కాదు. మేము ఆసుపత్రుల కోసం రాసే ప్రోగ్రాములను పరీక్షించుకోవడానికి మా లీడ్ ఎప్పుడో తయారుచేసి పెట్టిన ఉత్తుత్తి రికార్డు. కొత్త పేజీ ఏది రాసినా ముందు ఆమె పేరు మీదే తెరిచి చూసేవాళ్లం. ఆమె దగ్గర సరిగ్గా వచ్చిందంటే అందరి దగ్గరా వస్తుందని మా నమ్మకం. ఇంత ఆరోగ్యంగా, ఇంత ఒంటరిగా, ఇంత బుద్ధిగా ఉండే నర్సు ఒమన్ మొత్తం మీద ఎక్కడైనా ఉంటుందా అని మాలో ఒక్కడూ అడగలేదు.

నిజం నర్సు మా ఇంట్లోనే ఉంది. మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క. గోదావరి జిల్లాలో మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ చదివి, పెళ్లయ్యాక మస్కట్ వచ్చింది. మస్కట్, సోహార్, బురైమిలలో బ్రాంచీలున్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. బావ ఒక కంపెనీ గోడౌన్‌లో స్టోర్‌కీపర్. వాళ్ల కాపురం దార్సైట్‌లో, ఇండియన్ స్కూలుకు నడిచిపోయేంత దూరంలో. ఒక్కతే కూతురు, అప్పుడు పదో తరగతిలోకి వచ్చింది.

నేను ఈ దేశం వచ్చిందే అక్క వల్ల. ఊళ్లో రెండేళ్లు ఖాళీగా కూర్చున్న రోజుల్లో నా బయోడేటా ప్రింటు తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకు తిరిగిందట. వాళ్ల ఆసుపత్రిలో కంప్యూటర్ పని మీద వచ్చిన మా లీడ్‌ను వార్డు వరండాలో ఆపి, ఆ కాగితం చేతిలో పెట్టి, 'మా తమ్ముడు, జావా వచ్చు' అని చెప్పింది. జావా అంటే ఏమిటో ఆమెకు తెలియదు. నాకు కూడా అప్పుడు అంతంత మాత్రమే తెలుసు.

నా పని ఏమిటో కాస్త చెప్పాలి, లేకపోతే నేను చేసిన నిర్వాకం అర్థం కాదు. మేము వాడే జావా ఫ్రేమ్‌వర్క్‌లో వెబ్ పేజీని ముక్కలు ముక్కలుగా కడతాం. పేరు చూపించే ముక్క ఒకటి, తేదీ అడిగే ముక్క ఒకటి, ఉత్తరం తయారుచేసే ముక్క ఒకటి. వీటినే కంపోనెంట్లు అంటాం. వీటికి తమంతట తాముగా ఏదీ తెలియదు. పేజీ ఏది చేతికిస్తే అదే వాటికి తెలుసు. అలా చేతికిచ్చేదే పారామీటర్. ఇవ్వడంలో రెండు పద్ధతులున్నాయి. విలువనే ఇచ్చేయొచ్చు, లేదా ఆ విలువ ఎక్కడ ఉంటుందో చెప్పొచ్చు. రెండోదాన్ని మోడల్ ఇవ్వడం అంటాం. విలువ ఇస్తే, పేజీ తెరుచుకున్న క్షణంలో ఏముందో అదే ఆ ముక్క దగ్గర ఉండిపోతుంది. తర్వాత మనిషి ఏం మార్చినా దానికి కబురు అందదు. మోడల్ ఇస్తే, అవసరమైన ప్రతిసారీ అది స్వయంగా వెళ్లి చూసుకుంటుంది. పొద్దున ఫోన్ చేసి ఇంట్లో కూరేమిటని అడిగి ఊరుకోవడానికీ, తినబోయే ముందు గిన్నె మూత తీసి చూడడానికీ ఉన్నంత తేడా. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నేర్పే పాఠం ఇది. ఆ తర్వాత చేరిన ఇద్దరికి నేనే నేర్పాను కూడా.

మూడో సంగతి ఒకటుంది. పారామీటర్ అసలు ఇవ్వకపోతే, లేదా ఇచ్చింది ఖాళీ అయితే ఏం చేయాలి? పేజీ అక్కడే ఆగిపోయి ఎర్ర అక్షరాలతో తప్పు చూపించాలని నా వాదన. ఆగితేనే కదా ఎవడో ఒకడు చూసి సరిచేసేది. మా లీడ్‌కు ఎర్ర అక్షరాలంటే ప్రాణభయం. ఆయనది కరీంనగర్ వైపు. అందరం అన్నా అనే పిలుస్తాం.

"ఏందిర నువ్వు? ముదీర్ ముందట ఎర్ర స్క్రీన్ వస్తె మన కాంట్రాక్ట్ ఉంటదా? ఏం రాకపోతె ఏదో ఒకటి సూపెట్టాలె. డిఫాల్ట్ పెట్టు. మాఫీ ముష్కిల్."

ఇక్కడ ముదీర్ అంటే పై అధికారి. మాఫీ ముష్కిల్ అంటే ఇబ్బందేం లేదని. ఈ రెండు మాటలతో మా ఆఫీసు పదేళ్లు నడిచింది. ఖాళీ వస్తే ఖాళీ అని చెప్పకూడదు. తెలియనప్పుడు తెలియదని అనకూడదు. ఏదో ఒకటి చూపించాలి, అది నమ్మేలా ఉండాలి. ఊరి పేరుతో ఉత్తరం తయారుచేసే కంపోనెంట్‌కు డిఫాల్ట్ బురైమి. ఎందుకంటే అన్న ఆ కంపోనెంట్‌ను మొదట రాసింది బురైమి బ్రాంచిలో కూర్చుని. అంతకు మించి కారణం ఏమీ లేదు.

ఆ ఏడాది వేసవి తర్వాత ఆసుపత్రి వాళ్లు బురైమిలో కొత్త వార్డు తెరుస్తున్నామని నోటీసు పెట్టారు. నర్సులు ఉన్నచోటే ఉంటారో, బురైమి వెళ్తారో ఎవరికి వారు కంప్యూటర్‌లో ఆప్షన్ ఇవ్వాలి. దానికి పేజీ కావాలి, అదీ వారంలో. నాకు అప్పగించారు. రెండు ముక్కలు పెట్టాను. పైన, నర్సు ఎంచుకున్న ఊరు చూపించేది. కింద, సబ్మిట్ నొక్కగానే ఆ ఊరితో ఆప్షన్ లెటర్ తయారుచేసి ఫైలులో పెట్టేది. పైదానికి మోడల్ ఇచ్చాను. కిందిది పాత పేజీ నుంచి కాపీ కొట్టాను. పాత పేజీలో ఊరు మారే అవసరం లేదు కాబట్టి అక్కడ విలువే ఇచ్చి ఉంది. దాన్ని అలాగే అంటించాను. గురువారం మధ్యాహ్నం, వారం పని ముగిసే వేళ, మా ఆరోగ్యవంతురాలైన నర్సుతో పేజీ తెరిచాను. ఆమెది ముందే మస్కట్. మస్కట్ ఎంచుకున్నాను, లెటర్‌లో మస్కట్ వచ్చింది. అన్న నా భుజం తట్టి చాయ్ తెప్పించాడు.

మర్నాడు శుక్రవారం. ఇక్కడ మాకు ఆదివారం ఆరాధన శుక్రవారమే జరుగుతుంది. తెలుగు సర్వీసు అయ్యాక నన్ను అక్క భోజనానికి తీసుకెళ్లడం అలవాటు. నేనుండేది హమ్రియాలో, ఐదుగురం ఉండే రూమ్. వారానికి ఒక్కరోజు మనుషులు తినే తిండి తినేది అక్క ఇంట్లోనే. ఆ రోజు రొయ్యల ఇగురు చేసింది. తిన్నాక చేతులు తుడుచుకుంటూ ల్యాప్‌టాప్ తెచ్చి టేబుల్ మీద పెట్టింది.

"ఏరా, ఆప్షన్ ఫారం మీవోళ్లే చేశారంట గదా. నొక్కితే ఏవన్నా అయిపోద్దా?"

"ఏమీ అవదక్కా. ఆ పేజీ రాసింది నేనే," అన్నాను. ఆ మాట అనడానికి ఎంత ఉబ్బిపోయానో నాకు ఇప్పటికీ గుర్తుంది.

"అయితే నువ్వు పక్కన కూర్చో. నొక్కేది మాత్రం నేనే నొక్కుతాను. రేపేదైనా తేడా వస్తే నీ మీదకి రాకూడదు."

కళ్లజోడు పెట్టుకుంది. లిస్టు తెరిచి మస్కట్ ఎంచుకుంది. "మస్కట్," అని పైకి చదివింది. సబ్మిట్ దగ్గరికి వచ్చి ఆగి, పైన చూసి మళ్లీ "మస్కట్" అంది. నొక్కాక, అందింది అని వచ్చిన పచ్చ గీత కింద ఊరి పేరు చూసి మూడోసారి "మస్కట్" అంది. అది వాళ్ల వృత్తిలో అలవాటు. మందు అలమారలోంచి తీసేటప్పుడు ఒకసారి, సిరంజిలోకి ఎక్కించేటప్పుడు ఒకసారి, సీసా తిరిగి పెట్టేటప్పుడు ఒకసారి లేబుల్ చదువుతారు. ఇన్నేళ్లలో తన చేతి మీదుగా ఒక్క మందు తేడా వెళ్లలేదని అక్కకు గర్వం. దేవుని కృప అంటుంది గానీ, ఆ అనడంలో తన వాటా కూడా వినిపిస్తుంది.

నేను ఆమె భుజం పక్కనే ఉన్నాను. మూడుసార్లూ నా కళ్లతో చూశాను. మస్కట్.

అక్క అంతకు రెండు వారాల ముందే లాంగ్ లీవ్ నుంచి వచ్చింది. ఊళ్లో గర్భసంచి ఆపరేషన్ చేయించుకుని మూడు నెలలు విశ్రాంతి తీసుకుంది. లాంగ్ లీవ్‌కు వెళ్లినవాళ్ల రికార్డులో బ్రాంచి పేరు తీసేస్తారు. తిరిగొచ్చాక కొత్త జాబితా వేసేవరకు అక్కడ ఖాళీగానే ఉంటుంది. కాబట్టి ఆమె ఆ పేజీ తెరిచిన క్షణంలో, నేను విలువ ఇచ్చిన ఆ కింది ముక్క చేతికి అందింది ఖాళీ. ఖాళీ అందితే అన్న నేర్పినట్టు ఏదో ఒకటి చూపించాలి కదా. ఆమె మస్కట్ అని మూడుసార్లు చదువుతుండగానే లోపల లెటర్ బురైమి అని రాసుకుంది. పైన కనిపించేది నిజం, కింద ఫైలులోకి వెళ్లేది నా నిర్వాకం. మిగతా నర్సుల్లో ఒకరిద్దరికి తప్ప అందరి రికార్డుల్లోనూ ఊరు ముందే ఉంది, వాళ్లంతా ఉన్నచోటే ఉంటామన్నారు. కాబట్టి తప్పు ఎక్కడా బయటపడలేదు.

మూడు వారాలకు జాబితా వచ్చింది. అక్క వార్డు నుంచే ఫోన్ చేసింది. గొంతులో కంగారు కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది.

"ఒరే, నన్ను బురైమికి వేశారు. హెచ్‌ఆర్‌కి వెళ్లి అడిగితే, నువ్వే అడిగావమ్మా అని లెటర్ చూపించారు. నా స్టాఫ్ నంబరే ఉంది. బురైమి అనే ఉంది. ఎలా ఉంటాదిరా అలాగ? ఒకసారి మీ ఆఫీసులో చూడు."

చూస్తానన్నాను. చూశాను. లాంగ్ లీవ్ అన్న మాట గుర్తొచ్చి, మా ఉత్తుత్తి నర్సు రికార్డులో బ్రాంచి చెరిపేసి పేజీ తెరిచాను. మస్కట్ ఎంచుకున్నాను. పైన మస్కట్. లెటర్ తెరిస్తే బురైమి. ఇంకో రెండుసార్లు చేశాను, అదేదో మూడోసారికి దయతలచి మారుతుందన్నట్టు. ఖాళీ ఉన్నవాళ్లు ఎంతమందో వెతికాను. ముగ్గురు. ఒకావిడ ఉద్యోగం మానేసి వెళ్లిపోయింది. ఇంకొకావిడ నిజంగానే బురైమి కోరుకుంది, ఆమె భర్త అక్కడే పని చేస్తాడు. మిగిలింది మా అక్క.

అన్న దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కోడ్ చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. కుర్చీ దగ్గరికి లాక్కుని మెల్లగా మాట్లాడాడు.

"ఇను. గిది బయట పడితే ఒక్క లెటర్‌తోని ఆగది. ఇన్నేండ్ల లెటర్లన్ని తీసి సూపెట్టుమంటరు. ఈ నెలల్నె మన కాంట్రాక్ట్ రెన్యువల్ ఉన్నది. అది పోతె కంపెనీ ఉండది. ఎనిమిది మంది వీసాలు క్యాన్సిల్. నీది గూడ. మీ అక్క ఒక్క ఏడాది పోయొస్తది. అంతే గదా? నువ్వైతె లైన్ సరిచెయ్యి. గురువారం సర్వర్‌ల ఎక్కిద్దాం."

ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఇదంతా ఆయన నెత్తిన వేసి నేను చేతులు దులుపుకునేవాణ్ని. ఎనిమిది మందిలో ఒకడు అంతకు నెల ముందే భార్యను తెచ్చుకున్నాడు. ఇంకొకడు వాళ్ల తమ్ముణ్ని రప్పించే ప్రయత్నంలో ఉన్నాడు. ఇవన్నీ ఆయన చెప్పలేదు. నేనే తలుచుకున్నాను. మనిషికి పిరికితనం పట్టినప్పుడు ఎదుటివాళ్ల కష్టాలు ఎంత బాగా గుర్తొస్తాయో అప్పుడే తెలిసింది. అసలు కారణం నా వీసా. మళ్లీ ఊళ్లో ఖాళీగా కూర్చోవడం. అదొక్కటే.

ఒక్క లైను మార్చాను. విలువ తీసి మోడల్ ఇచ్చాను. రెండు నిమిషాల పని. ఏం మార్చావో రాయాల్సిన చోట 'చిన్న డిస్‌ప్లే సవరణ' అని రాశాను.

అక్క ఊరుకోలేదు. హెచ్‌ఆర్‌కు అర్జీ పెట్టింది. వాళ్లు రూలు ప్రకారం మా కంపెనీకి మెయిల్ పంపారు, మీ సిస్టమ్‌లో లోపం ఏమైనా ఉందా అని. ఆ మెయిల్‌కు జవాబు రాసే పని కూడా నాకే వచ్చింది. అన్నకు ఇంగ్లీషు రాయడం బద్ధకం. 'ఉద్యోగి ఆప్షన్‌గా అందినదాన్ని సిస్టమ్ అందినది అందినట్టే నమోదు చేసింది' అని రాశాను. ఆ వాక్యం కోసం గంట కూర్చున్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆ ముక్కకు అందింది ఖాళీ, ఖాళీకి బదులు బురైమి, అదే రాసుకుంది. జడ్జి ముందు నిలబెట్టినా ఆ వాక్యం నిలబడుతుంది. నాకు తెలిసిన తిట్లన్నీ ఏరుకొచ్చి నన్ను నేను తిట్టుకున్నా ఆ వాక్యానికి సరిపోవు.

తర్వాతి శుక్రవారం చర్చికి వెళ్లకుండా తప్పించుకున్నాను. ఆ పై శుక్రవారం బావ ఫోన్ చేసి, "ఏంటయ్యా, రెండు వారాలైంది, మీ అక్క అడుగుతుంది," అన్నాడు. వెళ్లక తప్పలేదు. ఇంట్లో అడుగు పెట్టేసరికి అక్క కూరలు తరుగుతోంది. పిల్ల హాల్లో పుస్తకాలు పరుచుకుని ఉంది. సైన్సు పాఠాలు అక్కే అప్పజెప్పించుకునేది. చపాతీలు వత్తుతూ గుండెలో గదులెన్ని, రక్తం ఏ వైపు పోతుంది అని అడుగుతుంటే పిల్ల విసుక్కుంటూ చెప్పేది. పరీక్షల ఏడాది కదా, ఆ చపాతీల వేళే వాళ్లిద్దరి ట్యూషన్. ఆ రోజు ఏ ప్రశ్నా లేదు, కత్తి చప్పుడు తప్ప.

వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. అక్క తల ఎత్తకుండానే అడిగింది.

"మీ కంపెనీవోళ్లు రాసిన మెయిల్ చూపించారురా. వచ్చింది వచ్చినట్టే ఎక్కించాం అని రాశారు. అంటే నేనే బురైమి నొక్కానని గదా అర్థం?"

అక్క ఇంకో బెండకాయ అందుకుంది.

"ఆ రోజు నువ్వు నా పక్కనే ఉన్నావు. మస్కట్ అనే ఉంది గదా? నాకు బాగా గుర్తు. మూడుసార్లు చదివాను. నువ్వు ఒక్క మాట అంటే చాలు, మా తమ్ముడు సాక్షి, ఆ పేజీ చేసిందే వాడు అని మేట్రన్ దగ్గరికి వెళ్లి పోట్లాడతాను. ఉందా లేదా చెప్పు."

కత్తి పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. నేను చెప్పాల్సింది ఒకే ఒక్క మాట. ఉంది. కోడ్ గురించి, కాంట్రాక్ట్ గురించి ఏమీ చెప్పక్కర్లేదు. చూసింది చూశానని అంటే చాలు. కానీ చూశానంటే, మరి లెటర్‌లో అలా ఎందుకొచ్చిందని రేపు అడుగుతారు. అడిగితే వెతుకుతారు. వెతికితే ఆ లైను, దాని కింద నా పేరు.

"నేను ఫోన్ చూసుకుంటున్నానక్కా. సరిగ్గా గుర్తు లేదు," అన్నాను.

ఆమె కోపగించుకుంటే నాకు కాస్త ఊరటగా ఉండేదేమో. కోప్పడలేదు. చేతిలో సగం తరిగిన బెండకాయ వైపు చూసింది.

"అయితే నేనే తప్పు చదివి ఉంటాను," అంది. "ఆపరేషన్‌కి మత్తిచ్చారు గదా. కొందరికి నెలల తరబడి బుర్ర మందంగానే ఉంటాదంటారు. నేనే పేషెంట్లకి చెప్తుంటాను. నాకొచ్చేసరికి తెలవలేదు."

ఆమె తనకు తానే సంజాయిషీ కూడా వెతికి పెట్టుకుంది. నేను దానికి తల ఊపాను. అవునక్కా, అలా అవుతుందట, అని కూడా అన్నాను. ఆ రోజు భోజనం కూడా చేసి వచ్చాను.

హాల్లోంచి పిల్ల అంది, "మామయ్యా, అమ్మ సబ్మిట్ చేశాక స్క్రీన్‌షాట్ తియ్యాల్సింది. నువ్వైనా చెప్పాల్సింది." పదో తరగతి పిల్లకు తట్టింది. మా ఎనిమిది మందికీ తట్టలేదు.

అక్క అక్టోబరులో బురైమి వెళ్లింది. మస్కట్ నుంచి బస్సులో నాలుగైదు గంటలు. సరిహద్దు ఊరు, అవతల ఎమిరేట్స్. నర్సులు నలుగురు కలిసి ఉండే ఫ్లాట్. నెలకు రెండుసార్లు వరుసగా ఆఫ్‌లు కూడేసుకుని వచ్చేది. వచ్చిన రెండు రోజులూ వండి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లేది. ఆ చలికాలంలో పిల్లకు జ్వరం వచ్చింది, ఐదు రోజులు తగ్గలేదు. బావకు సెలవు దొరకలేదు. నేను పగలు ఒకపూట వెళ్లి కూర్చునేవాణ్ని. అక్క గంటకోసారి ఫోన్ చేసేది. ఎన్ని డిగ్రీలుంది, నాలుక ఎలా ఉంది, ఒంటి మీద దద్దుర్లేమైనా కనిపిస్తున్నాయా అని అడిగేది. ఎంతోమంది పిల్లల నుదుటి మీద చెయ్యి వేసి చూసిన మనిషి, సొంత పిల్ల జ్వరాన్ని నా నోటి ద్వారా విని ఊరుకోవాల్సొచ్చింది. నేను థర్మామీటర్ చూసి అంకె చెప్పేవాణ్ని. ఆమె ప్రతిసారీ, "సరిగ్గా చూశావా?" అనేది.

పిల్లకు పరీక్షల్లో మార్కులు బాగానే వచ్చాయి. సైన్సులో మాత్రం తగ్గాయి. దాని గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. మా కాంట్రాక్ట్ రెన్యువల్ అయింది. నా వీసా రెండేళ్లకు పొడిగించారు. అన్న ఆఫీసులో అందరికీ హల్వా పంచాడు. నేనూ తిన్నాను.

మళ్లీ ఏడాదికి ఆప్షన్ల సమయం వచ్చింది. అదే పేజీ. అదే సమయానికి బురైమి బ్రాంచిలో కొత్త ప్రింటర్లు కలపాల్సి వచ్చి నన్ను పంపారు. పని చూసుకుని అక్క వార్డుకు వెళ్లాను. నర్సుల కౌంటర్ దగ్గర ఏదో ఇంజెక్షన్ సిద్ధం చేస్తోంది. చేతిలో సీసా ఉంది. పక్కనున్న కేరళ అమ్మాయిని పిలిచి, హిందీలో, "జరా పఢ్‌కే బతావ్," అంది. ఆ అమ్మాయి మందు పేరు, మోతాదు చదివింది. అక్క విని, తల ఊపి, సిరంజిలోకి ఎక్కించి, మళ్లీ సీసా ఆమె ముందు పెట్టింది. ఆ అమ్మాయి నవ్వుతూనే మళ్లీ చదివింది. అక్క పక్కకు తిరిగి నన్ను చూసింది. కొత్త కళ్లజోడు. అద్దాలు ఇంకాస్త మందంగా ఉన్నాయి.

"కంటి డాక్టరు పవర్ మారలేదన్నాడు," అని చెప్పింది క్యాంటీన్‌లో కూర్చున్నాక. "అయినా నాకే నమ్మకం లేక మార్పించుకున్నాను. అప్పట్నుంచి ఏ లేబులైనా ఇంకొకరి చేత చదివించుకుంటున్నాను. పిల్లలు నవ్వుకుంటారు, ఈ ముసలావిడకి చూపు పోయిందని. నవ్వుకోనీ. కాగితం మీద తప్పు నొక్కాను గాబట్టి సరిపోయింది. మందు విషయంలో అయితే ప్రాణం పోద్ది."

చెప్పేద్దామని నోరు తెరిచాను. అక్కా, నీ కళ్లకేం కాలేదు, నువ్వు నొక్కింది మస్కటే, అని. ఈ మాట నేను లోపల ఎన్నిసార్లు అనుకున్నానో చెప్పలేను. బురైమి వచ్చే దారంతా అదే అనుకుంటూ వచ్చాను. ఆమె అప్పటికే నా సంచిలోంచి ల్యాప్‌టాప్ బయటకు లాగుతోంది.

"మళ్లీ ఆప్షన్లు పెట్టారంట గదా. నువ్వు నింపెయ్. నా నంబర్ నీకు తెలుసు గదా. నేను ముట్టుకోను బాబూ."

"నువ్వే నొక్కక్కా. నేను చూస్తుంటాను."

"వద్దురా. నువ్వే."

పేజీ తెరిచాను. మస్కట్ ఎంచుకున్నాను. ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. స్క్రీన్ వైపు చూడనైనా లేదు.

"ఏవుందో చదువు," అంది.

"మస్కట్."

"నొక్కే ముందు ఇంకోసారి."

"మస్కట్."

నొక్కాను. మా ఆఫీసు లాగిన్‌తో లెటర్ కూడా తెరిచి చూశాను. లెటర్‌లోనూ మస్కటే ఉంది. అక్క నా చేతి మీద చెయ్యి వేసింది.

"మూడోసారి కూడా చదువు నాన్నా."

"మస్కట్," అన్నాను.

ఆమె ఊపిరి వదిలింది. కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, నా వైపు చూసి నవ్వింది.

"పోయినేడు కూడా నీ చేతే నొక్కించి ఉండాల్సింది," అంది.

నేను ల్యాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకున్నాను.